డెల్ఫీనా ఇల్లు గీత దాటింది

డెల్ఫీనా బరాసాని నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె స్కూలు బస్సు ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి, రోడ్డుకి అడ్డంగా పడుకున్న కుక్కతో మాట్లాడుతోంది. "నువ్వు లేవకపోతే నేను కదలను. నేను కదలకపోతే వీళ్ళకి బడి లేదు. వీళ్ళకి కావలసింది కూడా అదే. ఇక నీ ఇష్టం" అంటోంది. వెనక పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. కుక్క కాసేపు ఆలోచించి, లేచి పక్కకి పోయింది. ఆమె నాకేసి చూసి, "మా ఇంట్లోవాళ్ళకన్నా నయం, ఒకసారి చెప్తే వింది" అని గేరు మార్చి వెళ్ళిపోయింది.

మర్నాడు నా దుకాణానికి వచ్చి జుట్టు కత్తిరించుకుంది. రెండేళ్ళకి ఆమెకి కూతురు పుడితే, చర్చిలో జ్ఞానస్నానం రోజున పిల్లని నా చేతుల్లో పెట్టింది. అప్పటినుంచి నేను ఆ పిల్లకి రెండో తల్లిని, మేమిద్దరం ఒకరికొకరం 'కొమాద్రె'లం. తోడబుట్టినవాళ్ళ మీద అలిగితే సర్దుకుంటుంది గాని కొమాద్రె మీద అలిగితే ఊరంతా తప్పు పడుతుంది. అంత దగ్గరి చుట్టరికం అది.

మా ఊరు ఆంథొనీ సగం టెక్సాస్‌లో ఉంది, సగం న్యూమెక్సికోలో. నా దుకాణం న్యూమెక్సికోలో. కాస్త దూరంలో టైర్ల కొట్టు టెక్సాస్‌లో. టైర్లాయన క్షవరానికి రాష్ట్రం దాటి వస్తాడు, నేను పంక్చరుకి దాటి వెళ్తాను, ఇద్దరిలో ఎవరికీ ఆ సంగతి గుర్తు కూడా ఉండదు. పన్నులు కట్టే నెలలోనూ, పిల్లల్ని కాలేజీలో చేర్చే నెలలోనూ మాత్రం ఆ సరిహద్దు గీత ఉన్నట్టుండి వరదొచ్చిన నది అంత వెడల్పవుతుంది.

డెల్ఫీనా వాళ్ళది టెక్సాస్ వైపు. మొగుడు సెవేరో ఇళ్ళ కప్పుల మీదికెక్కి ఎయిర్ కూలర్లు బాగుచేస్తాడు. ఎండాకాలమంతా కప్పుల మీదే ఉంటాడు, చలికాలంలో సోఫాలో ఉంటాడు. మాట తక్కువ. అతని తల్లి ఎర్మీనియా వాళ్ళతోనే ఉంటుంది, పెద్దరికానికి ఊరంతా ఆవిడని 'దోన్యా' అంటుంది. కొడుకు మిగిల్చిన మాటలన్నీ ఆవిడ వాడుకుంటుంది. ఇక నా జ్ఞానపుత్రిక ఇట్సెల్. తండ్రిలా నెమ్మది, తల్లిలా మొండి. నలుగురూ ఉండేది చక్రాల మీద కట్టిన పొడుగాటి ట్రెయిలర్ ఇల్లు. సొంత స్థలంలో దించుకుని, చుట్టూ కంచె వేసుకుని, వెనక కోళ్ళని పెంచుకుంటున్నారు. చక్రాల సంగతి అందరూ మరిచిపోయారు.

ఇట్సెల్‌కి పదిహేడేళ్ళు నిండుతుండగా డెల్ఫీనాకి ఆ చక్రాలు గుర్తొచ్చాయి.

బస్సుల షెడ్డులో ఒఫేలియా అని ఇంకో డ్రైవరు ఉంది, ఇల్లు న్యూమెక్సికో వైపు. ఆవిడ కొడుకులిద్దరూ లాస్ క్రూసెస్‌లో కాలేజీకి వెళ్తున్నారు. ఫీజు రాష్ట్రం గ్రాంటు కట్టేస్తోంది, జీతం ఎంతో కూడా అడగలేదు, అక్కడ ఏడాది నివాసం ఉంటే చాలట. డెల్ఫీనా ఆ మాట విని ఇంటికొచ్చి, వారం రోజులపాటు ఇంకో మాట మాట్లాడలేదు. టెక్సాస్‌లో స్థానికుల ఫీజు తక్కువే, లేనివాళ్ళకి గ్రాంట్లూ ఉన్నాయి. కాని ఎండలు బాగా కాసిన ఏడు సెవేరో సంపాదన ఆ గ్రాంటు హద్దుకి కాస్త పైకి పోతుంది. ఎండలు తగ్గితే కిందికొస్తుంది. "అంటే నా కూతురి చదువు ఎండని బట్టి ఉంటుందన్నమాట" అంది నాతో.

ఆ ఆదివారం వాళ్ళింట్లో కాల్చిన పచ్చిమిరపకాయలు, జున్ను వేసి చేసిన కూర. నన్నూ పిలిచింది. అది భోజనానికి పిలుపు కాదు, సాక్ష్యానికి పిలుపని కూర్చున్నాక గాని తెలియలేదు.

"మనం అటు పోతున్నాం" అంది టోర్టిల్లా రొట్టె చుడుతూ.

"ఎటు?" అన్నాడు సెవేరో.

"న్యూమెక్సికోకి."

దోన్యా ఎర్మీనియా చెంచా కింద పెట్టింది. "అక్కడెవరు పోయారు?"

"ఎవరూ పోలేదత్తా. కాపురానికే."

"అక్కడ జీతం మీద రాష్ట్రం పన్ను వేస్తుంది" అన్నాడు సెవేరో. "ఇక్కడ ఆ బాధ లేదు."

"ఇక్కడ స్థలం మీద వేస్తారుగా ముసలోడా. ఆ కాగితం వచ్చినప్పుడల్లా నువ్వు రెండు రోజులు తిండి మానేస్తావు. స్థలం అద్దెకిద్దాం, అద్దె డబ్బుల్తో పన్ను కట్టుకుందాం. నా ఉద్యోగం ఇక్కడే, నేను రోజూ వస్తాను. నీ కూలర్లు రెండు వైపులా పాడవుతూనే ఉంటాయి. అంతా లెక్కవేసి చూశాను. పిల్ల చదువు పక్కన పెడితే లాభం లేదు, నష్టం లేదు. పిల్ల చదువు కలిపితే మొత్తం లాభమే."

"పిల్లనెవరైనా అడిగారా?" అంది ఇట్సెల్, చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీయకుండా.

"నీకు వినబడుతోందా? అయితే గిన్నెలు కడుగు."

సెవేరో చాలాసేపు నమిలి, నాకేసి చూశాడు. "కొమాద్రె ఇల్లు అటేగా. ఆవిడ అడ్రసు రాసేస్తే పోలా? సగం ఊరు అదే చేస్తోంది. ఇల్లెందుకు కదపడం?"

నేను అప్పటికే తలూపడానికి సిద్ధంగా ఉన్నాను. నిజం చెప్పాలంటే నాకూ అదే మంచిదనిపించింది. డెల్ఫీనా మాత్రం చేతిలోది పళ్ళెంలో పెట్టేసింది.

"ఏడాదంతా పిల్ల ఎక్కడుంటున్నావని అడిగిన ప్రతివాడికీ అబద్ధం చెప్పాలి. మనమూ చెప్పాలి. కాలేజీ అంటే ఏంటని అడిగితే దానికి మొదట ఏం గుర్తొస్తుంది, అబద్ధమా? నేను చెయ్యను. ఉంటే ఉందాం, లేకపోతే లేదు."

సెవేరో పళ్ళెం పక్కకి జరిపి, "చక్రాలకి గాలి ఉందో లేదో చూడాలి" అన్నాడు. అతని మట్టుకు అది ఒప్పుకోవడమే.

దోన్యా ఎర్మీనియా మాత్రం ఒప్పుకోలేదు. ఆవిడ పుట్టింది టెక్సాస్‌లో, టోర్నియో దగ్గర పత్తి చేలల్లో. ఎవరితో పరిచయమైనా పేరు తరవాత చెప్పేది అదే. ఇల్లు కదిలే రోజు వచ్చేదాకా ఆవిడ ఆ ప్రస్తావన ఎత్తితే వినబడనట్టు కూర్చుంది. ఆ రోజు పొద్దున్నే స్థలం మధ్యలో ఒక కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని కూర్చుంది.

లాస్ క్రూసెస్ నుంచి పెద్ద లారీ వచ్చింది. కోళ్ళని ముందురోజే మా పెరట్లో దించాం. మెట్లు ఊడదీశారు, నీళ్ళ గొట్టాలు విప్పారు. ఇల్లు ఒక మూలుగు మూలిగి కదిలింది. స్థలంలో ఒక కుర్చీ, దాని మీద దోన్యా ఎర్మీనియా, చుట్టూ దుమ్ము.

"అమ్మా, రా" అన్నాడు సెవేరో.

"నేను రానని చెప్పా. వినబడలేదా? వెళ్ళిరండి. క్రిస్మస్‌కి వచ్చి చూసిపోండి."

"అత్తా, మీ గది వెళ్ళిపోతోంది" అంది డెల్ఫీనా.

ఆవిడ అటు చూసింది. గది నిజంగానే వెళ్ళిపోతోంది. కిటికీకి తను కుట్టిన తెల్ల కర్టెన్ ఊగుతోంది. లోపల గోడకి మేకు కొట్టిన కన్యమేరీ పటం ఉంది. ఆవిడ లేచింది. "ఆ పటం పడితే ఒక్కొక్కళ్ళ సంగతి చెప్తా" అంటూ గొడుగు పట్టుకుని ఇంటి వెనకే నడవడం మొదలెట్టింది. ముందు లారీ, వెనక ఇల్లు, దాని వెనక దోన్యా ఎర్మీనియా, ఆవిడ వెనక మేమందరం. ఎవరో తెలియనివాళ్ళు ఊరేగింపనుకుని టోపీలు తీశారు.

గీత దగ్గరికి వచ్చేసరికి లారీ ఆగిపోయింది. రోడ్డుకి అడ్డంగా టెలిఫోను తీగ ఒకటి కిందికి వేలాడుతోంది. ముందుకి పోతే తీగ తెగుతుంది, వెనక్కి పోవడానికి వెనక కార్లు. ముందుభాగం, అంటే వంటిల్లు, సోఫా ఉన్న గది న్యూమెక్సికోలో. వెనకభాగం, అంటే దోన్యా ఎర్మీనియా గది టెక్సాస్‌లో. ఆవిడ అది చూసింది. పక్కింటావిడని అడిగి స్టూలు తెప్పించుకుంది. వెనక తలుపు తీసి లోపలికెక్కి, తన మంచం మీద కూర్చుని, కిటికీ తెరిచింది.

"ఇక్కడ బాగుంది" అంది. "ఇక్కడే ఉంచండి."

రెండు వైపుల నుంచీ పోలీసులు వచ్చారు. టెక్సాస్ ఆయన కుర్రాడు, మర్యాదస్తుడు. టోపీ తీసి కిటికీ కింద నిలబడ్డాడు.

"దోన్యా, కదిలే ఇంట్లో మనుషులు ఉండకూడదండీ."

"కదలడం లేదుగా నాయనా."

ఆయన న్యూమెక్సికో ఆయనకేసి చూశాడు. ఆయన చేతులు కట్టుకుని, "నాకేసి చూడకు. ఆవిడ నీ వైపుంది. నా వైపు ఉన్నది వంటిల్లు" అన్నాడు.

"అయితే కాఫీ నువ్వే పెట్టించాలి" అంది దోన్యా ఎర్మీనియా కిటికీలోంచి.

వీధంతా నవ్వులు. టైర్లాయన కొట్టు వదిలేసి వచ్చాడు. ఎవరో ఐస్‌పళ్ళ బండివాణ్ణి పిలిచారు. ఇట్సెల్ ఒక్కతే దూరంగా నిలబడి, ఆ వేలాడే తీగకేసీ, అది కట్టిన స్తంభాలకేసీ చూస్తోంది. సిగ్గుపడుతోందనుకున్నాను.

డెల్ఫీనా స్టూలెక్కి లోపలికి వెళ్ళింది. కిటికీ పక్కనే ఉన్నాను కనక నాకు వినబడింది.

"అత్తా, ఇందులో నవ్వులాట ఎంత, నిజం ఎంత? చెప్పండి."

దోన్యా ఎర్మీనియా గొడుగు మంచం మీద పెట్టింది. "నేను మూడో క్లాసులో బడి మానేసి పత్తికి పోయానే. టెక్సాస్ నాకేం పెట్టిందని అడిగితే చెప్పడానికేం లేదు. అక్కడ పుట్టానన్న మాట ఒక్కటే ఉంది నాకు. అది కూడా తీసేస్తే నేనెవర్ని?"

"ఆ మాట ఎవరు తీసుకుంటారత్తా? అది మీదే. మీ మనవరాలికి ఇంకోటి కూడా ఉండాలంటున్నా, అంతే."

లోపల మంచం కిర్రుమంది. "అయితే నా కిటికీ దక్షిణానికుండాలి. టెక్సాస్ కనబడాలి."

"కనబడుతుంది."

"అక్కడ నేను ఓటెయ్యను."

"వెయ్యకండి."

"వేస్తే నాకు నచ్చినవాళ్ళకే వేస్తా."

టెలిఫోనువాళ్ళు నిచ్చెనతో వచ్చి, పొడుగాటి కర్రతో తీగ ఎత్తి పట్టుకున్నారు. దోన్యా ఎర్మీనియా టెక్సాస్ పోలీసు కుర్రాడి చెయ్యి పట్టుకుని కిందికి దిగింది. న్యూమెక్సికో ఆయన ఆవిడ రెండో చెయ్యి అందుకున్నాడు. అలా ఇద్దరి మధ్యా నడుచుకుంటూ గీత దాటింది. ఇల్లు మా వీధి చివర అద్దె స్థలంలో దిగింది, కిటికీ దక్షిణానికి.

ఆ తరవాత ఏడాదంతా డెల్ఫీనా నిజంగానే న్యూమెక్సికోలో ఉంది. లైసెన్సు మార్చుకుంది, బండి నంబరు ప్లేటు మార్చింది, పన్ను ఇక్కడ కట్టింది. డెల్ఫీనా అక్కడి బడి ఉద్యోగి కనక ఇట్సెల్‌ని పాత బడిలోనే ఉండనిచ్చారు. ప్రతి శనివారం డెల్ఫీనా నా దుకాణంలో కూర్చుని కూతుర్ని ఏ కాలేజీలో ఏం చదివించాలో చెప్పేది. ఒక వారం నర్సు, ఒక వారం ఇంజనీరు, ఒక వారం పశువుల డాక్టరు. గ్రాంటు నిబంధనలు ఆమెకి జపమాలలా వచ్చేశాయి. నా దగ్గర జుట్టుకి రంగు వేయించుకునేవాళ్ళందరికీ అవి వచ్చేశాయి.

వసంతంలో, దుమ్ముగాలులు వీచే రోజుల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం ఇట్సెల్ భోజనాల దగ్గర నోరు విప్పింది.

"అమ్మా, నాకు ఎల్ పాసోలో ఎలక్ట్రీషియన్ల యూనియన్‌లో చోటు దొరికింది. అప్రెంటిస్. పరీక్ష రాశాను, ఇంటర్వ్యూ అయింది. వేసవిలో రమ్మన్నారు. పని నేర్పిస్తారు, జీతమిస్తారు, సాయంత్రాలు క్లాసులుంటాయి."

డెల్ఫీనా వినబడనట్టు పులుసు వడ్డిస్తూనే ఉంది. గిన్నె నిండిపోయి బల్ల మీదికి కారింది.

"మరి కాలేజీ?"

"కాలేజీ వద్దమ్మా. నాకు వైర్లు ఇష్టం. ఎప్పటినుంచో ఇష్టం. చెప్పాలనే అనుకున్నా, నువ్వు ఇల్లు లాక్కొచ్చాక ఎలా చెప్పను?"

అప్పుడు సెవేరో నవ్వాడు. ఎందుకు నవ్వాడో అతనికీ తెలియదు. అతను అలా ఏ సందర్భానికీ నవ్వే మనిషి కాదు. ఒకసారి మొదలయ్యాక ఆపుకోలేకపోయాడు, కళ్ళు తుడుచుకుంటూ గిన్నె తీసుకుని బయటికి పోయాడు. దోన్యా ఎర్మీనియా నింపాదిగా, "అయితే ఎప్పుడు వెనక్కి పోతున్నాం? లారీవాడి నంబరు నా దగ్గరుంది" అంది.

డెల్ఫీనా చెప్పులు వేసుకుని నేరుగా నా దుకాణానికి వచ్చింది. ఆదివారం మూసే ఉంటుంది. మా ఇల్లు దుకాణం వెనకే కనక వచ్చి తలుపు తీశాను. కుర్చీలో కూర్చుని, "కత్తిరించు" అంది.

"ఎంత?"

"నీ ఇష్టం."

ఆడవాళ్ళు ఆ మాట అన్న రోజున కత్తెర పట్టకూడదని నాకు తెలుసు. తల తడిపి, దువ్వి, చివర్లు సమం చేస్తున్నట్టు నటించాను. ఆమె అద్దంలోకి చూస్తూ కూర్చుంది. "ఒక రాష్ట్రాన్నుంచి ఇంకో రాష్ట్రానికి ఇల్లు లాక్కొచ్చాను కొమాద్రె. ముసలావిడని ఏడిపించాను. ఎవరికోసం? దానికోసమే. అదేమో మళ్ళీ టెక్సాస్‌కే పోతుందట, నిచ్చెనలెక్కడానికి. వాళ్ళ నాన్న ఎక్కిన నిచ్చెనలు చాలలేదా?"

"నువ్వు దాన్ని అడిగావా?" అన్నాను.

"ఏమని?"

"ఏం కావాలని."

అద్దంలో నాకేసి కోపంగా చూసింది. తరవాత ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఒళ్ళోకి చూసుకుంది. "లేదు" అంది.

అంతలో ఇట్సెల్ వచ్చింది. ఏడ్చినట్టుంది, కాని ముఖం కడుక్కుని వచ్చింది. తల్లి పక్క కుర్చీలో కూర్చుని, కుర్చీని కాలితో అటూ ఇటూ తిప్పుతూ అడిగింది.

"అమ్మా, ఆ గ్రాంటు రూల్సు నీకు కంఠతా వచ్చుగా. వయసు గురించి ఏముంది అందులో?"

"వయసా? వయసు..." డెల్ఫీనా అలవాటు కొద్దీ మొదలుపెట్టింది. "ఏడాది నివాసం ఉండాలి. ఇంతకుముందు డిగ్రీ ఉండకూడదు. ఇన్ని క్లాసులు తీసుకోవాలి, మార్కులు తగ్గకూడదు. వయసు..." ఆగిపోయింది. "వయసు గురించి ఏం లేదు."

"నీకు డిగ్రీ ఉందా?"

"నోర్ముయ్."

"ఉందా అమ్మా?"

"నాకు నలభై రెండేళ్ళు పిల్లా."

"నేనడిగింది అది కాదు."

నేను కత్తెర కింద పెట్టేశాను. ఆ ఏడాదంతా ఆ నిబంధనలు నేనూ విన్నాను. నా కుర్చీలో కూర్చున్న ప్రతి ఆడదీ వింది. మాలో ఒక్కరికీ ఆ ప్రశ్న తట్టలేదు. డెల్ఫీనా ముఖం మొదట ఎర్రబడింది, తరవాత ఏదో దొంగతనం దొరికిపోయినట్టు మారింది. ఎందుకంటే ఆమె మనసులో ఒకటి ఉంది. ఎప్పుడూ పైకి అనలేదు.

అంతకు రెండేళ్ళ ముందు బస్సు మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆసుపత్రిలో ఎముకల ఫోటో తీసిన అమ్మాయి ఆమెని తెర దగ్గరికి పిలిచి చూపించిందట. ఆ రోజు నాకు ఫోను చేసి విరిగిన సంగతి ఆఖర్న చెప్పింది. "నా చేతిలో గులకరాళ్ళలా ఎనిమిది చిన్న ఎముకలున్నాయి కొమాద్రె, ఎంత ముచ్చటగా ఉన్నాయో" అని మొదలెట్టింది. నేను అది మందు మత్తనుకున్నాను.

"ఎక్స్‌రే తీసే చదువు ఉంటుందా?" అంది ఇప్పుడు, ఎవరినీ చూడకుండా.

"ఉంటుంది" అంది ఇట్సెల్. "చూసే వచ్చా."

ఆ ఆగస్టులో ఇంట్లో ఇద్దరు విద్యార్థినులు. కూతురు పొద్దున్నే హెల్మెట్ పట్టుకుని దక్షిణానికి పోయేది. తల్లి పొద్దుటి ట్రిప్పు ముగించి, బస్సు షెడ్డులో పెట్టి, సొంత బండిలో ఉత్తరానికి పోయి క్లాసులు విని, సాయంత్రం ట్రిప్పుకి తిరిగొచ్చేది. మొదటి రోజు ఆమె తరగతి గదిలోకి వెళ్ళేసరికి పిల్లలందరూ మాటలాపి సర్దుకు కూర్చున్నారట. "పంతులమ్మననుకున్నారు. కాదని చెప్పడానికి మనసొప్పలేదు. హాజరు తీసుకుందామా అనిపించింది" అని చెప్పింది.

నవ్వుతూ చెప్పింది గాని ఆ శరత్తు ఆమెకి కష్టంగానే గడిచింది. ఆ చదువులో చేరాలంటే ముందు లెక్కలు, శరీరశాస్త్రం గట్టెక్కాలి. మొదటి ఆల్జీబ్రా పరీక్ష పోయింది. మానేస్తానంది. బస్సు నడిపే చేతులకి పెన్సిలు అచ్చిరాదంది. ఇట్సెల్ పని బూట్లు విప్పకుండానే బల్ల దగ్గర కూర్చుంది.

"ఎక్స్ ఒక్కటీ ఒక పక్క ఉండాలమ్మా. మిగతావాటిని అటు పంపు. పంపేటప్పుడు గుర్తు మారుతుంది."

"ఎందుకు మారాలి? ఇటున్నప్పుడు బాగానే ఉందిగా."

"మనం ఇటొచ్చినప్పుడు నంబరు ప్లేటు మార్చలేదా? బండి అదే. గీత దాటింది కాబట్టి ప్లేటు మారింది."

డెల్ఫీనా కాగితంకేసి చూసింది. "దీన్ని ఇలా చెప్పొచ్చుగా ఆ మాస్టారు" అని పెన్సిలు తీసుకుంది. రెండో పరీక్ష గట్టెక్కింది, మూడోది బాగానే రాసింది.

శరీరశాస్త్రానికి దోన్యా ఎర్మీనియా దొరికింది. "అత్తా, చెయ్యి చాపండి" అని మొదలయ్యేది. ముసలావిడ మొదట విసుక్కుంది. తరవాత టీవీ సీరియల్ మధ్య ప్రకటనలు రాగానే తనే చెయ్యి చాపడం మొదలెట్టింది. వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి, భుజం. డెల్ఫీనా పేర్లు చెప్పేది, ఆవిడ కళ్ళు మూసుకుని వినేది. శీతాకాలానికి తప్పు చెప్తే ఆవిడే దిద్దుతోంది. ఒక రోజు నా దుకాణానికి వచ్చి, నేను జుట్టు కడుగుతూ తల వెనక రుద్దుతుంటే, "నెమ్మదే, అక్కడ ఆక్సిపిటల్ ఎముకుంది" అంది. పక్క కుర్చీలో ఉన్నావిడ భయపడి, "ఏమైంది దోన్యా, ఎప్పటినుంచి?" అనడిగింది. "పుట్టినప్పటినుంచి. టోర్నియోలో" అందావిడ.

ఆ తరవాత ముసలావిడ టెక్సాస్‌కి పోదామని అడగడం మానేసింది. ఎవరైనా ఆ మాటెత్తితే, "ఇప్పుడు కుదరదు, దాని చదువు పాడవుతుంది" అనేది. ఎన్నికలొస్తే ఓటు కూడా వేసింది. ఎవరికి వేసిందో చెప్పలేదు.

బస్సు నడుపుతూ, సగం సగం క్లాసులతో కనక, మిగతావాళ్ళకన్నా ఎక్కువ కాలం పట్టింది. ఆసుపత్రిలో శిక్షణ మొదలయ్యాక బస్సు వదిలేయాల్సి వచ్చింది. ఆ ఏడాది ఇల్లు నడిపింది సెవేరో కూలర్లు, ఇట్సెల్ జీతం. ఆ సంగతి ఎవరూ పెద్దది చేయలేదు. ఇట్సెల్ మాత్రం అప్పుడప్పుడు, "బాగా చదువుతున్నావా? స్నేహితులతో తిరగడం లేదుగదా?" అని తల్లిని ఆటపట్టించేది. "తిరుగుతున్నా. ఇద్దరు కుర్రాళ్ళు పండుగకి పిలిచారు కూడా" అనేది డెల్ఫీనా. అది నిజమే. తరగతిలో పిల్లలందరికీ ఆమె మొక్కజొన్న పిండితో ఆవిరి మీద చేసే తమాలెలు కావాలి.

పట్టా పుచ్చుకున్న రోజున గాలి ఎంత గట్టిగా వీచిందంటే, నల్ల టోపీలన్నీ పిన్నులు గుచ్చుకుని కూర్చున్నాయి. డెల్ఫీనా పేరు పిలిచినప్పుడు మేము అరిచిన అరుపుకి ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆమె వేదిక మీద నడుస్తూ పట్టా ఇచ్చినాయనతో ఏదో అంది, ఆయన నవ్వాడు. ఏమన్నావని తరవాత అడిగాం. "జాగ్రత్త, మెట్లు జారుతున్నాయి, మణికట్టు విరుగుతుందని చెప్పా" అంది.

ఎల్ పాసోలో ఒక ఆసుపత్రి, లాస్ క్రూసెస్‌లో ఒక క్లినిక్ రెండూ రమ్మన్నాయి. మళ్ళీ బల్ల చుట్టూ కూర్చున్నాం. పన్ను ఎక్కడ, దూరం ఎంత, సెలవులు ఎన్ని. ఈసారి డెల్ఫీనా అందరినీ అడిగింది, ఒక్కొక్కరినీ, పేరు పెట్టి. సెవేరో ఏదైనా సరే అన్నాడు. దోన్యా ఎర్మీనియా, "జీతం టెక్సాస్‌లో తెచ్చుకో, పడక ఇక్కడే ఉంచు" అంది. ఇట్సెల్, "నీకేది ఇష్టమమ్మా?" అంది. డెల్ఫీనా క్లినిక్ అంది. అక్కడికి ఎక్కువగా ముసలివాళ్ళూ చేలల్లో పనిచేసేవాళ్ళూ వస్తారు, వాళ్ళతో మాట్లాడుతూ ఫోటో తీయొచ్చు. ఆసుపత్రిలో మాట్లాడే తీరిక ఉండదట.

ఆ సాయంత్రం వీధిలోవాళ్ళందరినీ భోజనానికి పిలిచారు. ఆరుబయట బల్లలు వేసి, గొర్రె మాంసం, బీన్స్, కాల్చిన మిరపకాయలు పెట్టారు. అందరూ సెవేరోని రెండు మాటలు చెప్పమన్నారు. అతను లేచాడు, టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. భార్యకేసి చూశాడు. ఇట్సెల్ కింద నుంచి, "నాన్నా, ఏదో ఒకటి చెప్పు, చల్లారిపోతోంది" అంది.

"తినండి" అన్నాడు సెవేరో.

తిన్నాం. డెల్ఫీనా నా పక్కన కూర్చుని, చెప్పులు విప్పి, కాళ్ళు ఎదురు కుర్చీ మీద పెట్టి, సోమవారం పొద్దున ఎన్ని గంటలకి బయలుదేరాలో, బండిలో వెనక పిల్లలెవరూ ఉండరు కనక రేడియో పెట్టుకోవచ్చో లేదో నన్ను అడుగుతోంది.